సముద్రగర్భమున కార్బను నార

1912లో మునిగిన టైటానిక్ నౌక శిథిలములను జూడబోయి, 2023 జూను 18వ తేదీన ఉత్తర అట్లాంటిక్కున టైటన్ అను చిన్న నావ నలిగిపోగా అందలి యైదుగురును మరణించిరి. ఇది నివారింపదగిన విపత్తేయని అమెరికా కోస్టుగార్డువారు 2025 ఆగస్టున వెలువరించిన నివేదికలో స్పష్టముగా వ్రాసిరి. ధనికుల వినోదయాత్రయని ఈ వార్తను విడిచిపెట్టినవారు పెక్కండ్రు. మేమట్లు విడువజాలము. మన దేశమును మనుష్యులను 6,000 మీటర్ల లోతునకు బంపుటకు సన్నద్ధమగుచున్నది.

టైటానిక్ పడియున్న లోతు సుమారు 3,800 మీటర్లు. అచ్చటి నీటియొత్తిడి భూతలముమీది గాలియొత్తిడికి దాదాపు 380 రెట్లు. లోహగోళమైనచో ఆ భారమును అన్నివైపుల సమముగా బంచుకొనును. టైటనున కట్లుగాక, 5 అంగుళముల మందముగల కార్బను నారల గొట్టమునకు ఇరుప్రక్కల టైటానియము మూతలు బిగించిరి. కార్బను నార లాగినచో నుక్కును మించును. విమానముల రెక్కలకు దానిని వాడుట యందులకే. నొక్కినచో నంతటి బలము లేదు. అప్పుడు నారలను బట్టియుంచు జిగురే, పొరల కూర్పే శరణ్యము. పగ్గమును లాగిచూచి, దానినే స్తంభముగా నిలిపెదననువాని నేమందుము? మునిగినప్పుడెల్ల లోపలి పొరలు కొంచెముకొంచెముగా విడును; ఆ విడుట కంటికి గానరాదు. 2022లో నొక ప్రయాణాంతమున పెద్ద చప్పుడు వినబడెను. పెంకున కమర్చిన పరికరములును మార్పును జూపెను. ఐనను ఆ శీతకాలమంతయు నావను ఆరుబయట నుంచి, మరుసటియేట మరల దింపిరి.

దోషము పదార్థముదే యనలేము. గాజుగుల్లలను జిగురున గూర్చిన తేలుడు నురుగును సమ్మిశ్రపదార్థమే; లోతునావలు పెక్కు దానివలననే పైకి దేలుచున్నవి. పరీక్షకు లొంగకుండుటయే దోషము. ఓషన్‌గేట్ సంస్థలోని యుద్యోగి యొకరు అభ్యంతరము చెప్పి 2018లో పని పోగొట్టుకొనెను. ఆ యేడే ఆ వృత్తి నిపుణులు పలువురు హెచ్చరిక లేఖ వ్రాసిరి. నావకు ఏ వర్గీకరణసంస్థ యామోదమును లేదు. నియమములు నూతనశోధనకు అడ్డని యజమాని వాదము. ఆయనయు ఆ నావలోనే మరణించెను గనుక అంతకుమించి యనము.

చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థవారి మత్స్య 6000 నావకు మనుష్యులుండు గోళము టైటానియము మిశ్రలోహము, వ్యాసము 2.1 మీటర్లు, మందము 80 మిల్లీమీటర్లు. ఈ యెంపిక మాకు సమ్మతము. పని యాలస్యమగుచున్నదని యెవరైన నాక్షేపించినచో మేమందు గలియము. ముగ్గురు లోపల గూర్చుండుటకు బూర్వమే ఒత్తిడి పరీక్షల ఫలితములను ప్రజల ముందు బెట్టవలెను. సందేహము దెలిపిన యుద్యోగి కొలువునకు భంగము రాకూడదు. మేము కోరునది యింతియే.