బంతి బీరువాలో ఉంటే గోల్ ఎట్లా పడుతుంది?

గుగులోత్ సౌమ్య పేరు మీలో ఎందరికి తెలుసు? నిజామాబాద్ జిల్లా తండా అమ్మాయి. ఫుట్‌బాల్‌లో ఫార్వర్డ్, అంటే గోల్ కొట్టే వరుస. కేరళలోని గోకులం క్లబ్బుకు ఆడింది. 2022లో జ్యోతి చౌహాన్‌తో కలిసి క్రొయేషియా వెళ్లి డైనమో జాగ్రెబ్‌లో చేరింది. తర్వాత కోల్‌కతా ఈస్ట్ బెంగాల్. ఆ జట్టు 2024-25 ఇండియన్ విమెన్స్ లీగ్ గెలిచింది. 2025లో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆమెను ఉత్తమ క్రీడాకారిణిగా ఎంపిక చేసింది.

ఇన్ని జట్లు మారితే మన ఊళ్లో "కుదురు లేని పిల్ల" అంటారు. మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటిదాన్ని నేనే. పీజీలో చేరితే మా అమ్మ అడిగింది, "ఇంకెన్ని ఊర్లు తిరుగుతవు బిడ్డా?" అని. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ నుంచి మట్టిపనికి మనవాళ్లు తిరగని రాష్ట్రం ఉందా? వాళ్లు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సుకు కట్టుబడి పోయారు. సౌమ్య ఒప్పంద కాగితం మీద తానే సంతకం పెట్టి పోయింది. రెండూ వలసలే, కానీ ఒకటి కాదు.

నేను చదివిన హాస్టల్‌కూ ఒక ఫుట్‌బాల్ వచ్చింది. బీరువాలో పెట్టి తాళం వేశారు. "ఆడపిల్లలకు ఖోఖో చాలు" అన్నారు. ఐదేండ్లలో దాన్ని రెండుసార్లు చూశాను, రెండూ తనిఖీ రోజులే. నేను అడిగేది ఒక్కటే: వార్షికోత్సవం షీల్డుల డబ్బుతో ఈసారి గోల్ పోస్టులు పాతండి. మూడు జిల్లాల హాస్టళ్లకు ఏటా పోటీ పెట్టండి, ఆడపిల్లల జట్లతో సహా. పాత విద్యార్థులం చందా వేసుకుంటాం. నా వంతు ఐదు వందలు రాసుకోండి.