గ్యాలరీకి కనిపించని నొప్పి

మీ అబ్బాయో అమ్మాయో అమెరికాలో ఉంటే మీకు తెలిసే ఉంటుంది. సెప్టెంబరు వచ్చిందంటే ఆదివారాలు వాళ్లు ఫోన్‌ ఎత్తడం ఆలస్యమవుతుంది. అక్కడ ఫుట్‌బాల్‌ సీజన్‌ మొదలవుతుంది మరి. మనం కాలితో తన్నే ఆట కాదు. కోలగా ఉండే బంతిని చేత్తో విసురుతూ, పట్టుకుని పరుగెత్తే ఆట. బంతి అందుకుని ఎవరికి విసరాలో నిర్ణయించే ఆటగాణ్ని క్వార్టర్‌బ్యాక్‌ అంటారు. జట్టు భారమంతా అతని భుజం మీదే. ఆ భుజానికి దెబ్బ తగిలితే ఊళ్లో ప్రతి ఒక్కరూ డాక్టరే.

ఇండియానాపోలిస్‌లో ఉద్యోగం చేస్తున్న నా మేనల్లుడు 2018 వేసవిలో ఫోన్‌ చేశాడు. ‘‘మామయ్యా, భుజం ఆపరేషనై ఏడాదిన్నర అవుతోంది. వచ్చే సీజన్‌కి ఆడతాడంటావా?’’ అన్నాడు. అడిగింది వాళ్ల జట్టు కోల్ట్స్‌ క్వార్టర్‌బ్యాక్‌ ఆండ్రూ లక్‌ గురించి. ఆఫీసులో రెండు వర్గాలట. ‘చెయ్యి అయిపోయింది, ఇక రాడు’ అని కొందరు. ‘వస్తాడు, చూస్తూ ఉండండి’ అని కొందరు. నేను ఆ ఆటగాణ్ని చూడలేదు, పరీక్షించలేదు. అయినా ధీమాగా చెప్పేశాను... ‘‘మానిపోయి ఉంటుంది రా, ఆడతాడు’’ అని.

ఆడాడు కూడా. ఆ ఏడాది 16 మ్యాచ్‌లూ ఆడి 39 టచ్‌డౌన్లకు బంతి అందించాడు. మొదటి ఆరింటిలో ఒక్కటే గెలిచిన జట్టు చివరికి 10 విజయాలతో ప్లేఆఫ్స్‌కి వెళ్లింది. గాయం నుంచి అద్భుతంగా తిరిగొచ్చిన ఆటగాడని అవార్డు ఇచ్చారు. నా మాట నిజమైందని నేనూ కాస్త గర్వపడ్డాను.

ఏడాది తిరగకుండానే, 2019 ఆగస్టులో మళ్లీ ఫోన్‌. ఈసారి కాలి పిక్క దగ్గర నొప్పి. ‘‘పిక్క పట్టేస్తే ఎన్నాళ్లు రా, కొన్ని వారాలు’’ అన్నాను. అదే నెల 24న అతను ఆటకే గుడ్‌బై చెప్పేశాడు. అప్పటికి అతని వయసు 29 ఏళ్లు.

ఆ రాత్రి సొంత స్టేడియంలో సన్నాహక మ్యాచ్‌ జరుగుతోంది. లక్‌ ఆడటం లేదు, మైదానం పక్కన నిలబడి ఉన్నాడు. అతను ఇంకా నోరు విప్పకముందే వార్త అభిమానుల ఫోన్లలోకి వచ్చేసింది. మ్యాచ్‌ అయ్యాక అతను లోపలికి వెళుతుంటే గ్యాలరీల్లో కొందరు ‘బూ...’ అంటూ గేలి చేశారు. కాసేపటికే విలేకరుల ముందు కూర్చుని కన్నీళ్లు ఆపుకుంటూ చెప్పాడు. ఆ అరుపులు తనకు వినిపించాయనీ, బాధ కలిగిందనీ. నాలుగేళ్లుగా గాయం, నొప్పి, కోలుకోవడం, మళ్లీ గాయం... ఈ చక్రంలోనే తిరుగుతున్నాననీ, ఆట మీద ఇష్టమే పోయిందనీ.

ఒక వైద్యుడిగా ఆ నాలుగేళ్ల జాబితా చూడండి. 2015 సెప్టెంబరులో భుజానికి గాయం. అదే నవంబరులో పొట్టమీద బలమైన దెబ్బ తగిలి మూత్రపిండం చీరింది, పొట్ట కండరం కొంత తెగింది. 2016 అంతా నొప్పితోనే ఆడాడు. 2017 జనవరిలో భుజానికి ఆపరేషన్‌. ఆ ఏడాది అక్టోబరులో సాధనకు దిగితే నొప్పి తిరగబెట్టింది. స్టెరాయిడ్‌ ఇంజెక్షన్‌ ఇచ్చారు. చివరికి ఆ సీజన్‌లో ఒక్క మ్యాచ్‌ కూడా ఆడలేకపోయాడు. చికిత్స కోసం యూరప్‌ కూడా వెళ్లొచ్చాడు.

భుజం కీలు ఒక చిన్న పళ్లెంలో పెద్ద బంతిని నిలబెట్టినట్టు ఉంటుంది. బంతి జారిపోకుండా పళ్లెం అంచు చుట్టూ రబ్బరు రింగులాంటి కణజాలం ఉంటుంది. లక్‌కి చిరిగింది అదే. దాన్ని కుట్టాక సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు చేతిని పట్టీలో ఉంచుతారు. ఆ తర్వాత నెమ్మదిగా కదలికలు, తర్వాత బలం పెంచే వ్యాయామాలు. విసిరే ఆటలు ఆడేవాళ్లకు మళ్లీ మైదానంలోకి రావడానికి ఆరు నెలల నుంచి ఏడాది, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది. ఈ లెక్కలు డాక్టర్లకు తెలుసు. అభిమానులూ ఎక్కడో చదివి చెబుతారు. కానీ ఇవి కుట్టిన చోటు మానే లెక్కలు. మనిషి మానే లెక్కలు కావు. స్టెరాయిడ్‌ ఇంజెక్షన్‌ వాపునూ నొప్పినీ తగ్గిస్తుంది, చిరిగినదాన్ని అతికించదు. నెలల తరబడి నొప్పితో బతికిన మనిషికి నిద్ర, సహనం, ఉత్సాహం ఒక్కొక్కటిగా తగ్గుతాయి. ఇదేదీ స్కానింగ్‌లో కనిపించదు.

నా పొరపాటూ అక్కడే. 2018లో అతని భుజం గురించి చెప్పాను. 2019లో అతని పిక్క గురించి చెప్పాను. రెండుసార్లూ మనిషి గురించి ఆలోచించలేదు. అప్పటికే నాలుగేళ్లు నలిగినవాడికి ఆ పిక్క నొప్పి ‘చిన్నది’ కాదు.

అభిమానుల వైపూ న్యాయం ఉంది. అసలు సీజన్‌ రెండు వారాల్లో మొదలవుతుందనగా కబురు తెలిసింది. టికెట్లు కొనుక్కున్నారు, ఏడాదంతా ఎదురుచూశారు. నిరాశ సహజం. కోలుకునే మనిషి మీద ఆశ పెట్టుకోవడమూ తప్పు కాదు. అసలు ఆశ పెట్టుకునేవాళ్లు లేకపోతే చాలామంది ఫిజియోథెరపీ మధ్యలోనే మానేస్తారు. తప్పల్లా ఒక్కటే. అతని శరీరం గురించి అందరూ తీర్పు చెప్పారు, అతని మాట వినాల్సిన రాత్రి గేలి చేశారు.

‘ఎక్కడో అమెరికాలో ఆట గొడవ మాకెందుకు డాక్టరుగారూ’ అంటారేమో. అలాంటి గ్యాలరీ నా ఓపీలో రోజూ కనిపిస్తుంది కాబట్టి.

కిందటేడు జూన్‌ మొదటి వారంలో ఒక టీచరమ్మ ఫిట్‌నెస్‌ సర్టిఫికెట్‌ కోసం వచ్చారు. చలికాలంలో స్కూటీ మీంచి పడి భుజానికి ఆపరేషన్‌ అయింది. వెంట భర్త, అత్తగారు. ‘‘ఎలా ఉందమ్మా?’’ అన్నాను. భర్త చెప్పారు, ‘‘బాగానే ఉందండీ. బళ్లు తెరిచేసరికి వెళ్లిపోతుంది.’’ అత్తగారు అందుకున్నారు, ‘‘నిన్న చపాతీలు కూడా చేసింది బాబూ.’’ ఇద్దరూ మంచివాళ్లే. ఆర్నెల్లు ఆమెను కనిపెట్టుకుని ఉన్నవాళ్లే. ఆమె మాత్రం ఏమీ అనలేదు. నేను పెన్ను తీశాను కూడా.

బీపీ చూస్తే ఎక్కువగా ఉంది. పాదాలు నొక్కితే గుంట పడుతోంది. వాళ్లిద్దర్నీ కాసేపు బయట కూర్చోమని, సిస్టర్‌ని తోడుంచుకుని ఆమెను మళ్లీ అడిగాను. అప్పుడు చెప్పారు. రెండు నెలలుగా మందుల షాపులో కొని రోజుకు రెండు పెయిన్‌కిల్లర్‌ మాత్రలు వేసుకుంటున్నారట. ఇంట్లో ఎవరికీ తెలియదు. ‘‘సెలవులన్నీ అయిపోయాయి సార్‌. ఇంకా నొప్పి అంటే ఏమనుకుంటారోనని...’’ రక్తపరీక్షలో క్రియాటినిన్‌ 1.9 వచ్చింది. ఆ మాత్రలు ఆపించాం. కొన్ని వారాలకు కిడ్నీల పనితీరు మెరుగుపడింది. నొప్పికి వేరే మందు, ఫిజియోథెరపీ సాగాయి. ఆగస్టులో బడికి వెళ్లారు. ఆ రోజు గబుక్కున సంతకం పెట్టేసి ఉంటే? ఆ ఆలోచన ఇప్పటికీ నన్ను వదల్లేదు.

మన ఇళ్లలో ఆపరేషన్‌ అయిన ప్రతి మనిషికీ ఒక ‘వచ్చే సీజన్‌’ ఉంటుంది. బళ్లు తెరిచే జూన్‌, సెలవు ముగిసే తేదీ, అమ్మాయి పెళ్లి ముహూర్తం. ఆ తేదీ మీద ఇంటిల్లిపాదీ చర్చిస్తారు. ‘పక్కింటాయన నెలకే నడిచాడు’ అంటారు. అది ధైర్యం చెప్పడమనే అనుకుంటారు. వినే మనిషికి మాత్రం గడువు పెట్టినట్టుంటుంది. గడువు దాటుతుందన్న భయంతో నొప్పిని దాస్తారు.

అందుకే మిమ్మల్ని కొన్ని విషయాలు కోరుతున్నాను.

డాక్టరు ‘ఎలా ఉంది?’ అని అడిగినప్పుడు రోగినే చెప్పనివ్వండి. నోరు తెరవడానికి కొంత సమయం పడుతుంది, ఆగండి. వీలైతే కాసేపు మీరు బయటకు వెళ్లండి.

‘ఎప్పుడు మామూలవుతావు?’ అని కాకుండా ‘ఈ వారం ఏది తేలికైంది, ఏది కష్టంగా ఉంది?’ అని అడగండి. జవాబు నిజంగా వస్తుంది.

వ్యాయామం చేశాక కాసేపు సలపడం మామూలే. మరుసటి రోజుకి తగ్గకపోయినా, రాత్రి నిద్ర పట్టనివ్వకపోయినా, వారం వారం పెరుగుతున్నా అది బద్ధకం కాదు. డాక్టరుకు చూపించాలి.

పెయిన్‌కిల్లర్లు సొంతంగా కొని రోజుల తరబడి వేసుకోవద్దు. బీపీ, షుగరు, కిడ్నీ సమస్య, కడుపులో పుండు ఉన్నవాళ్లకు మరీ ప్రమాదం. మూత్రం తగ్గినా, పాదాలు వాచినా, మలం నల్లగా వచ్చినా వెంటనే ఆసుపత్రికి రండి.

ఒకప్పుడు చేసిన పని ఇక చేయలేనని ఎవరైనా చెబితే, వాదించే ముందు ఒకసారి పూర్తిగా వినండి. ఆట మానేశాడు కాబట్టి ఆండ్రూ లక్‌ జీవితం అక్కడితో ఆగిపోలేదు. 2024లో తాను చదివిన స్టాన్‌ఫర్డ్‌ విశ్వవిద్యాలయం ఫుట్‌బాల్‌ విభాగానికి జనరల్‌ మేనేజర్‌గా వెళ్లాడు.

నా మేనల్లుడు ఇప్పటికీ సీజన్‌ ముందు ఫోన్‌ చేస్తాడు. ఫలానా ఆటగాడు మోకాలికి ఆపరేషన్‌ చేయించుకున్నాడు, ఈసారి ఆడతాడా అని అడుగుతాడు. ‘‘అతను ఏమంటున్నాడు రా?’’ అని ముందు నేను అడుగుతున్నాను.