మోకరిల్లిన విజేతలు

పసిఫిక్ మహాసముద్రమున ఫిజీ యను చిన్న దేశము కలదు. దీవులు మూడు వందలకు పైబడినవి. జనసంఖ్య మాత్రము సుమారు తొమ్మిది లక్షలు. ఆ దేశము 1956లో మెల్‌బోర్న్ నగరమున జరిగిన ఒలింపిక్ క్రీడలకు మొదటిసారి తన యువకులను పంపెను. అరువది సంవత్సరములు గడచినను ఒక్క పతకమైనను చేతికి రాలేదు. తుదకు 2016 ఆగస్టు 11వ తేదీన రియో నగరమున తొలి పతకము లభించెను, అదియు స్వర్ణపతకము. జట్టునకు ఏడుగురు చొప్పున ఆడు రగ్బీ పోటీలో, కడపటి ఆటయందు, ఫిజీ యువకులు గ్రేట్ బ్రిటన్ జట్టును 43-7 పాయింట్లతో ఓడించిరి.

ఆ ప్రతిపక్షము ఫిజీకి క్రొత్తది కాదు. 1874 అక్టోబరు 10న ఆ దీవులు బ్రిటిషువారి వశమయ్యెను. 1970 అక్టోబరు 10న స్వతంత్రమయ్యెను. మొన్నటి పాలకులను, ఆ పాలనతోపాటు వచ్చిన ఆటలోనే, ప్రపంచమంతయు చూచుచుండగా గెలిచిన యువకులు ఆ దినమున ఏమి చేసిరి? పతకములను మెడలో వేయుటకు వచ్చినది ఎలిజబెత్ రాణి కుమార్తె ఆన్. వారు ఒక్కొక్కరుగా ఆమె యెదుట మోకరిల్లి పతకమును స్వీకరించిరి.

ఇది పాత దాస్యపు వాసన యని కొందరు తలంపవచ్చును. మే మట్లు తలంపము. గౌరవింపదగినవారి యెదుట ఒదిగియుండుట ఆ దీవులవారి యాచారము. భయముచే వంగుట వేరు, మర్యాదచే వంగుట వేరు. ఓడినవాడు గెలిచినవాని యెదుట వంగిన నది లోబాటు. గెలిచినవాడు తన పూర్వుల మర్యాద చొప్పున వంగిన నది ఆత్మగౌరవము. ఆ యువకులకు శిక్షణ నొసగిన బెన్ రయన్‌ సయితము ఆంగ్లేయుడే. ఫిజీవారు ఆయనకు భూమి నిచ్చి, తమ పెద్దల బిరుదముతో సత్కరించిరి. పరపాలనను త్రోసివేయుటకును పరజాతిని ద్వేషించుటకును గల భేదమును ఆ చిన్న దేశము చక్కగా నెరిగినది.

ఆ సంవత్సరము ఫిబ్రవరిలోనే విన్‌స్టన్ తుపాను ఆ దీవులపై విరుచుకుపడి 44 మందిని పొట్టనుబెట్టుకొనెను. ఇండ్లు కూలిన దేశమునకు ఆ గెలుపు ఎంతటి యూరట యయ్యెనో చెప్పనక్కరలేదు. ప్రభుత్వము సెలవు ప్రకటించెను. 2017లో ఆ విజయమునకు గుర్తుగా ఏడు డాలర్ల నోటును ముద్రించెను.

ఈ కథలో ఆంధ్రులకును కొంత పాలు కలదు. 1879 మొదలు 1916 వరకు అరువది వేలకు పైబడిన భారతీయులను గిర్మిటు కూలీలుగా ఆ దీవుల చెరకు తోటలకు ఓడలలో చేర్చిరి. 1903 నుండి మద్రాసు రేవునుండియు ఓడలు కదలెను. వానిలో మన తెలుగువారును పోయిరి. 1941లో వారు దక్షిణ ఇండియా ఆంధ్ర సంగమును నెలకొల్పుకొని భాషను నిలుపుకొనుటకు పాటుపడిరి. ఆ కూలీల మనుమలకు, మునిమనుమలకు ఫిజీయే స్వదేశము, వేరొకటి లేదు. అయినను 1987లోను 2000లోను భారతీయ సంతతివారికి ముఖ్యమైన పాలుగల ప్రభుత్వములను బలప్రయోగముచే కూలద్రోసిరి. వేలకొలది కుటుంబములు వలసపోయెను. 1997 మొదలు కౌలు గడువులు తీరుచుండగా, తాతలనాటినుండి దున్నిన పొలములను పలువురు రైతులు విడువవలసివచ్చెను.

భూమి మూలవాసుల పిత్రార్జితము. ఆ హక్కును మేము ప్రశ్నింపము. పరాయి పాలనలో భూమిని కోల్పోయిన జాతుల గతి మాకు తెలియును. కాని యొకరి హక్కును కాపాడుటకు మరియొకరిని పరాయివారిని చేయవలయునా యని మాత్రము అడుగుచున్నాము. 2013 నాటి రాజ్యాంగము పౌరులనందరిని ఫిజియనులే యనెను. కాగితముపై నున్న ఆ మాట పొలము గట్టుపైకిని, కచేరీ గుమ్మములోనికిని రావలయును. రియోలో నాడిన జట్టులోని పేర్లన్నియు మూలవాసుల పేర్లే. అయినను ఆ దినమున జయధ్వానము చేసినవారిలో గిర్మిటు కూలీల సంతతివారును కలరు. వారిది యరువు సంతోషము కాదు.

ఆ విజయము గాలివాటున వచ్చినదియు కాదు. 2021లో టోక్యోలో న్యూజీలాండును 27-12తో ఓడించి ఫిజీ మరల స్వర్ణమును గైకొనెను. ఆ క్రీడలలోనే ఫిజీ యువతులు బ్రిటనును గెలిచి కాంస్యము నందుకొనిరి. 2024లో పారిసున రజతము లభించెను. చిన్న దేశమునకు బలము చాలదను మాట యిక చెల్లదు.

గెలుపు దినమున జనులను ఒక్కటి చేయుట సులభము. మరునాడును ఒక్కటిగా నుంచుటయే కష్టము. మొన్నటి పాలకుల ఆడుబిడ్డకు ఆ యువకులు చూపిన మర్యాదను, తరతరములుగా ప్రక్క పొలమున చెమటయోడ్చుచున్న పొరుగువానికిని ఆ దేశము చూపిన నాడు, ఆ స్వర్ణము నిజముగా ఫిజీ సొత్తగును.