కచ్చా పుస్తకం తెలిసినవాడికి రక్షణ ఏదీ?

హైదరాబాదులో ఫ్లాటు కొనబోయే కుటుంబం ధర మాట్లాడుకోగానే ఎదురయ్యే ప్రశ్న ‘వైట్ ఎంత, బ్లాక్ ఎంత’ అన్నది. ఆ ప్రశ్న అడిగేవారికి సంకోచం లేదు, వినేవారికి ఆశ్చర్యం లేదు. స్థిరాస్తి క్రయవిక్రయాలలో 20,000 రూపాయలు, అంతకు మించిన నగదు తీసుకోరాదని, తీసుకుంటే అంతే మొత్తం జరిమానా పడుతుందని 2015లోనే చట్టం చేశారు. అయినా సంచులలో నోట్లు చేతులు మారుతూనే ఉన్నాయి. నిర్మాణంలో ఉన్న ఫ్లాటుపై 5 శాతం జీఎస్టీ, అందుబాటు ధర ఇల్లయితే 1 శాతం, రిజిస్ట్రేషన్ రుసుము, బిల్డరు కట్టవలసిన ఆదాయపు పన్ను అన్నీ ఆ సంచిలోనే మాయమవుతున్నాయి.

ఈ సంగతి ఎవరికి తెలుసు? లెక్కలు రాసే గుమాస్తాకు తెలుసు. పక్కా పుస్తకం ఒకటి, కచ్చా పుస్తకం ఒకటి ఉంటాయని సైటు సూపర్‌వైజరుకు తెలుసు. పది లోడ్ల ఇనుము దిగితే బిల్లు ఎన్నింటికి వచ్చిందో లారీ డ్రైవరుకు తెలుసు. వంద మంది సెంట్రింగ్ కూలీలు పనిచేసిన చోట ముప్పై మంది పేర్లే మస్టరులోకి ఎక్కాయని మేస్త్రీకి తెలుసు. పన్నుల శాఖ అధికారికి తెలియనిది వీరందరికీ తెలుసు. అందుకే ప్రపంచంలోని అనేక ప్రభుత్వాలు సమాచారం ఇచ్చినవారికి బహుమతి ఇచ్చే పద్ధతిని ఆశ్రయించాయి.

మన దేశంలోనూ అది ఉంది. ఆదాయపు పన్ను ఎగవేతపై సమాచారం ఇస్తే 50 లక్షల రూపాయల వరకు, విదేశాలలో దాచిన నల్లధనమైతే 5 కోట్ల వరకు, బినామీ ఆస్తులైతే కోటి వరకు బహుమతి ఇస్తామని 2018లో కేంద్ర ప్రభుత్వం పథకాలు ప్రకటించింది. పేరు గోప్యంగా ఉంచుతామన్నది. అంకెలు ఘనంగానే ఉన్నాయి. అయితే బహుమతి సమాచారదారుడి హక్కు కాదు, ప్రభుత్వం దయతలచి ఇచ్చేది. తుది మొత్తం అందేది పన్ను వసూలైన తర్వాతే. అప్పీళ్లు ముగిసే దాకా సంవత్సరాలు గడుస్తాయి. ఆలోగా అతడి ఉద్యోగం ఏమవుతుందన్న ప్రశ్నకు ఆ పథకంలో జవాబు లేదు. అమెరికాలో 2006 నాటి చట్టం ప్రకారం వివాదంలో ఉన్న మొత్తం 20 లక్షల డాలర్లు మించితే, వసూలైన దానిలో 15 నుంచి 30 శాతం సమాచారదారుడికి చెందుతుంది. నిర్ణయం నచ్చకపోతే కోర్టుకు వెళ్లవచ్చు. అతడిపై యజమాని కక్ష సాధించకుండా 2019లో రక్షణ కూడా చేర్చారు. అక్కడ బహుమతి హక్కు, ఇక్కడ అనుగ్రహం. తేడా అదే.

మన ఇళ్లలో ‘ముఖ్బిర్’ అనే మాటకు మంచి పేరు లేదన్న సంగతి మేము మరువలేదు. పోలీసు స్టేషను చుట్టూ తిరుగుతూ బస్తీ కుర్రాళ్ల పేర్లు మోసేవాడినే ఆ మాట గుర్తుకు తెస్తుంది. ఆ చేదు అకారణమైనదేమీ కాదు. కానీ బలహీనుడి మీద బలవంతుడికి చాడీలు చెప్పడం వేరు, బలవంతుడు దాచిన ప్రజాధనం గురించి నోరు విప్పడం వేరు. రెండింటికీ ఒకే పేరు పెట్టి రెండోవాడిని కూడా నోరు మూయించడం బిల్డర్లకు మాత్రమే మేలు చేస్తుంది.

నోరు విప్పినవారికి ఏమైందో దేశం చూసింది. జాతీయ రహదారుల సంస్థలో ఇంజనీరు సత్యేంద్ర దూబే, స్వర్ణ చతుర్భుజి పనులలోని అవినీతిపై ప్రధానమంత్రికి లేఖ రాసి, తన పేరు బయటపెట్టవద్దని కోరారు. ఆ గోప్యత నిలవలేదు. 2003 నవంబరు 27న గయలో ఆయన కాల్చివేతకు గురయ్యారు. అది దారిదోపిడీలో జరిగిన హత్య అని సీబీఐ అన్నది. 2010లో ముగ్గురికి శిక్ష పడింది. లేఖ గోప్యత ఎందుకు చెడిందన్న ప్రశ్న మాత్రం అలాగే మిగిలింది. ఆ దుమారంలోంచి పుట్టిన విజిల్ బ్లోయర్ల రక్షణ చట్టానికి 2014లో రాష్ట్రపతి ఆమోదం లభించింది. ఏళ్లు గడిచినా దానిని అమలులోకి తేలేదు. తెచ్చినా అది ప్రభుత్వ ఉద్యోగుల అవినీతికే పరిమితం. ప్రైవేటు నిర్మాణ సంస్థలో కచ్చా పుస్తకం రాసే గుమాస్తాకు దాని నీడ తగలదు.

ఇక మాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఆదాయపు పన్ను కాదు, ఒక శాతం సెస్సు. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమం కోసం 1996లో చేసిన చట్టం ప్రకారం నిర్మాణ వ్యయంలో 1 శాతం యజమాని చెల్లించాలి. ప్రమాద పరిహారం, ప్రసూతి సాయం, పింఛను, పిల్లల చదువు అన్నీ ఆ నిధినుంచే రావాలి. 40 కోట్లతో కట్టిన భవనాన్ని 15 కోట్లదిగా చూపితే ఎగిరిపోయేది 25 లక్షలు. అది ఏదో ఖజానాలో పడవలసిన డబ్బు కాదు, పరంజా మీద నుంచి జారిపడినవాడి భార్యాపిల్లలది. పాతబస్తీ అడ్డాల మీద తెల్లవారకముందే నిలబడే మార్బుల్, టైల్స్, పెయింటింగ్ పనివారిలో మన కుటుంబాల మగవారు ఎందరో పాఠకులకు మేము చెప్పనక్కరలేదు. 2020 సామాజిక భద్రతా స్మృతి ఈ సెస్సును యజమాని తానే లెక్కగట్టి కట్టుకునేలా మార్చింది. తన లెక్క తానే వేసుకునే చోట, ఆ లెక్కను సరిచూడగలిగింది సైటులోని కూలీ కన్నే. దానికి బహుమతి పథకం ఏదీ? ఎగవేసిన సెస్సులో ఒక వాటాను సమాచారం ఇచ్చిన కార్మికుడికి హక్కుగా ఇవ్వాలని మేము కోరుతున్నాము.

దుర్వినియోగ భయం నిజమే. పోటీ బిల్డరు మీద కసితో పిటిషన్లు పడతాయి. ఒక మతం వ్యాపారిని ఎంచుకుని వేధించేందుకూ వాడుకోవచ్చు. ఆ అనుభవం మనకు కొత్త కాదు. అందుకే రుజువులేని ఆరోపణపై దాడులు జరగరాదు, ఫిర్యాదులను కాగితాల ఆధారంగానే జల్లెడ పట్టాలి. అయితే ఈ వాదనను మనవాళ్ల తప్పును కప్పడానికి వాడుకోరాదు. మన బిల్డర్లలోనూ కచ్చా పుస్తకాలు ఉన్నాయి. ‘మనవాడే కదా’ అని నల్ల సంచి అందించే కొనుగోలుదారులూ మనలో ఉన్నారు. వారికి ఒక్కమాట. ఫ్లాటు చేతికి రాక రెరాకు వెళితే కాగితం మీది మొత్తానికే రుజువు ఉంటుంది, సంచికి ఉండదు. రేపు ఆస్తి పంపకంలో దస్తావేజు ధర చూపి చెల్లెలికి వాటా లెక్కగట్టే అన్నలకు కూడా ఆ తక్కువ అంకెే అక్కరకు వస్తుంది.

రెండు రాష్ట్రాల కార్మిక శాఖలు చేయదగినది స్పష్టంగానే ఉంది. సెస్సు ఎగవేతపై ఫిర్యాదును పేరు లేకుండా ఉర్దూలోనూ తెలుగులోనూ స్వీకరించాలి. ఫిర్యాదు చేసిన ఏడాదిలోపు కార్మికుడిని పని నుంచి తొలగిస్తే, కారణం రుజువు చేసే బాధ్యత యజమానిపై ఉంచాలి. ప్రతి సైటు గేటు వద్ద చెల్లించిన సెస్సు మొత్తాన్ని, చూపిన నిర్మాణ వ్యయాన్ని బోర్డు మీద రాయించాలి. ఎన్ని అంతస్తులు లేచాయో, బోర్డు మీద ఎంత రాసి ఉందో అడ్డా నుంచి వచ్చిన కూలీ తానే పోల్చుకుంటాడు.