పొరపాటుకు తావివ్వని పనిముట్టు

తెలుగు పాఠాలు చెప్పుకొనేవాడికి యంత్రాలతోను, విద్యుత్ ప్లగ్గులతోను పని యేమిటని మిత్రులు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. పద్యపాదానికి గణవిభజన చేయగలనే గాని, ఫ్యూజు వైరు మార్చడం నిన్న మొన్నటి వరకు నాకు చేతకాదు. అయినా ఈ సంచికకు వ్యాసం వ్రాయుమని సంపాదకవర్గం కోరినప్పుడు నా మనస్సులో మెదిలినది ఏ ప్రబంధకవీ కాదు. గత వార్షికోత్సవానికి ముందురోజు సాయంత్రం మన ఆవరణలో జరిగిన ఒక సంఘటన.

ఆ సాయంత్రం వేదిక దగ్గర మైకుసెట్టుకు కరెంటు కావలసి వచ్చింది. ప్రక్క గదిలోని సాకెట్టు రంధ్రాలలో వైరు కొనలను ఒలిచి దూర్చి, ఊడిపోకుండా అగ్గిపుల్లలతో బిగించారు. వైరు పొడవు చాలకపోతే మరొక ముక్కను మెలిపెట్టి కలిపి, పైన టేపు చుట్టారు. పెళ్ళిపందిళ్ళలో, ఉర్సులలో, జాతరలలో, బహిరంగసభలలో మనం నిత్యం చూచే పద్ధతే ఇది. దుమ్ము లేవకుండా నేలపై నీళ్ళు చల్లి ఉన్నారు. ద్వితీయ సంవత్సరం విద్యార్థి ఒకడు చెప్పులు లేని కాళ్ళతో ఇనుపబల్లను జరుపుతుండగా, బల్లకాలు ఆ ముడిపై పడి టేపు తొలగింది. కుర్రవాడు విసిరికొట్టినట్లు అవతల పడ్డాడు. ఎవరో పరుగెత్తి మెయిన్ ఆపారు. ప్రాణాపాయం తప్పింది. అరచేతిలో కాలిన మచ్చ మాత్రం నేటికీ ఉన్నది.

మరునాడు అతని తండ్రి వచ్చాడు. ఆయన మోటార్లకు వైండింగు చేసే మిస్త్రీ. కోపగిస్తాడని మేమందరం భయపడుతున్నాము. ఆయన ఆ వైరును చేతిలోకి తీసుకొని, త్రిప్పి త్రిప్పి చూచి, "పిల్లలను ఏమీ అనకండి సార్. తప్పు వాళ్ళది కాదు. తప్పు చేయడానికి వీలిచ్చిన వస్తువుది" అన్నాడు.

ఆ ఒక్క మాట నన్ను చాలా రోజులు వెంటాడింది. మనం పొరపాటు జరిగినప్పుడు మనిషిని మందలిస్తాము. ఆ మిస్త్రీ వస్తువును పరీక్షించాడు. క్రొత్త పరికరాలను కనిపెట్టినవారి చరిత్ర ఆసక్తితో చదవడం ప్రారంభించిన తరువాత, వారిలో అనేకులు ఈ రెండవ మార్గానికి చెందినవారేనని నాకు బోధపడింది. ఇద్దరి ఉదాహరణలు మీ ముందుంచుతాను. ఒకరు పొలంలో బండికి, మరొకరు గోడలోని కరెంటుకు సంబంధించినవారు.

మొదటివాడు మా వృత్తివాడే. పేరు జోసెఫ్ ఓపెన్‌హైం. అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో మరియా స్టైన్ అనే పల్లెలో బడిపంతులు. పందొమ్మిదవ శతాబ్దం చివరిరోజులు. ఆయన తరగతిలో పెద్దపిల్లలు కొన్ని కాలాలలో కనిపించేవారు కాదు. మనమైతే హాజరుపట్టీలో ఎర్రసిరాతో సున్న చుట్టి, పరీక్ష ఫీజు కట్టవచ్చినప్పుడు నిలదీస్తాము. ఆయన మాత్రం వీరు ఎందుకు రావడం లేదని విచారించాడు. పశువుల పెంటను బండ్లకెత్తి పొలానికి తోలి, అక్కడ చల్లే పనిలో తండ్రులకు తోడుగా ఉంటున్నారని తెలిసింది.

మన పల్లెలలో పుట్టినవారికి ఈ పని ఎంతటిదో చెప్పనక్కరలేదు. దిబ్బ త్రవ్వాలి, బండి నింపాలి, చేలో కుప్పలు పోయాలి. ఆపైన తట్టలతో, పారలతో ఆ కుప్పలను చేనంతటా సమానంగా చిమ్మాలి. నడుములు విరిగేది ఈ చివరి పనిలోనే.

ఎరువు చిమ్మే బండ్లు అప్పటికే లేకపోలేదు. కెనడాకు చెందిన జోసెఫ్ కెంప్ 1870వ దశకంలోనే అటువంటి బండిని తయారుచేశాడు. బండి నడుస్తుంటే చక్రాల నుండి వచ్చే బలంతోనే అడుగుభాగం మెల్లగా వెనుకకు కదిలి, ఎరువును పళ్ళున్న దిమ్మెకు అందిస్తుంది. అది తిరుగుతూ ఎరువును చీల్చి నేలపై పడవేస్తుంది. అయితే ఆనాటి బండ్లలో ఒక లోపమున్నది. ఎరువు బండి వెడల్పున మాత్రమే పట్టీలాగా పడేది. దానిని ఇరుప్రక్కలకు సర్దడానికి మళ్ళీ మనుషులే దిగవలసి వచ్చేది. అంటే యంత్రం వచ్చినా పిల్లవాడు బడికి రాలేదన్నమాట.

పరిష్కారం ఓపెన్‌హైమ్‌కు బడి ఆటస్థలంలోనే దొరికిందని చెబుతారు. పిల్లలు చెక్కబ్యాటుతో బంతి ఆడుతున్నారు. చెక్కను ఏటవాలుగా పట్టినప్పుడు బంతి ఎదుటికి పోకుండా ప్రక్కకు పోతున్నది. అంతే! బండి వెనుక ఒక ఇరుసుకు ఏటవాలు రెక్కలను బిగించి వేగంగా త్రిప్పితే, చీలికలైన ఎరువు ఆ రెక్కలకు తగిలి చక్రాల గాడిని దాటి రెండు వైపులా వెదజల్లబడుతుంది. 1899లో ఆయన ఈ బండ్ల తయారీకి పూనుకొన్నాడు. దాని పేరు 'న్యూ ఐడియా', అనగా క్రొత్త ఆలోచన. 1901లోనే ఆయన మరణించాడు. తాను ప్రారంభించిన సంస్థ ఎంతగా పెరిగినదీ చూడలేకపోయాడు. భార్యాబిడ్డలు ఆ పనిని కొనసాగించారు. ఆ పేరు తరువాతి తరాల రైతులకు సుపరిచితమైంది.

ఇందులో గమనింపదగిన విషయం రెక్కల అమరిక కాదు. ఒక ఉపాధ్యాయుడు గైరుహాజరైన విద్యార్థిని దోషిగా గాక, ప్రశ్నగా చూడడం. ఆ ప్రశ్నలో నుండి యంత్రం పుట్టింది.

రెండవవాడు కనెక్టికట్ రాష్ట్రంలోని బ్రిడ్జ్‌పోర్టుకు చెందిన హార్వీ హబ్బెల్. 1888 నుండి చిన్న కర్మాగారం నడుపుతున్నాడు. గొలుసు లాగితే వెలిగి ఆరే దీపపు హోల్డరుకు 1896లో పేటెంటు పొందాడు. ఆ రోజులలో విద్యుత్ పరికరాన్ని గోడకు కలపాలంటే వైర్లను నేరుగా బిగించడమో, దీపపు హోల్డరులో మరలా త్రిప్పడమో తప్ప వేరే దారి లేదు. ఒక వినోదశాలలో ఊడ్చే పనివాడు యంత్రాలను జరపడానికి గోడనుండి వైర్లను ఒక్కొక్కటిగా విప్పి, ఊడ్చిన తరువాత ఏది ఎక్కడిదో వెదకి మళ్ళీ బిగించడం హబ్బెల్ చూచాడని ఒక కథ ప్రచారంలో ఉన్నది. కథలోని నిజానిజాలు ఎట్లున్నా, 1904లో ఆయన పేటెంటు పొందిన ప్లగ్గు ఆ కష్టాన్నే తీర్చింది. ఒక భాగం హోల్డరులోనే ఉండిపోతుంది. రెండవ భాగాన్ని పనిముట్లతో పని లేకుండా చేతితో లాగివేయవచ్చు, మళ్ళీ పెట్టవచ్చు.

ఇండ్లలోని ప్లగ్గు కథ ఇది. కర్మాగారాల అవసరం ఇంతకంటె కఠినమైనది. అక్కడ నీరు, నూనె, దుమ్ము, కుదుపులు, అధిక విద్యుత్ప్రవాహం ఉంటాయి. పైగా ఒకే గోడపై పలురకాల వోల్టేజీలు. నేడు పలుదేశాలలో పరిశ్రమలు వాడే గుండ్రని ప్లగ్గులను ఆ మిస్త్రీయే నాకు తన దుకాణంలో చూపి, వాటిలోని మర్మాన్ని విడమరచి చెప్పాడు. పసుపురంగు సుమారు 110 వోల్టులకు, నీలిరంగు 230కి, ఎరుపు 400కు. అక్షరం రానివాడు కూడ రంగు చూచి గ్రహిస్తాడు. రంగు గుర్తించకపోయినా ప్రమాదం లేదు. గడియారపు ముఖంపై అంకెలవలె, ఎర్తు పిన్ను స్థానం ఒక్కొక్క రకానికి ఒక్కొక్క చోట ఉంటుంది. నీలి ప్లగ్గులో అది ఆరుగంటల స్థానంలో ఉంటే, పసుపు ప్లగ్గులో నాలుగు గంటల స్థానంలో ఉంటుంది. అందుచేత ఒకదానిని మరొకదానిలో పెట్టాలన్నా పట్టదు. ఎర్తు పిన్ను మిగిలినవాటికంటె లావు. కాబట్టి కరెంటున్న రంధ్రంలోకి అది పోదు. ముందుగా కలిసేది, చివరగా విడిపోయేది కూడ అదే. పెద్ద ప్లగ్గులలో మధ్యన ఒక పొట్టి పిన్ను ఉంటుంది. దానిని పైలట్ పిన్ను అంటారు. లాగుతున్నప్పుడు అన్నిటికంటె ముందు అది విడిపోతుంది. దానిని స్విచ్చికి అనుసంధానిస్తే, మిగిలిన పిన్నులు విడివడకముందే ప్రవాహం ఆగుతుంది. నిప్పురవ్వ లేవదు, చేయి కాలదు.

ఈ పొట్టిపిన్నులోని ఆలోచనయే నేడు విద్యుత్ వాహనాల దాకా వచ్చింది. జర్మనీలో 1935లో అలోయిస్ మెన్నెకెస్ స్థాపించిన విద్యుత్ పనివారి దుకాణం కాలక్రమాన పారిశ్రామిక ప్లగ్గుల సంస్థగా ఎదిగింది. ఆ సంస్థ రూపొందించిన వాహనపు ప్లగ్గు నమూనాను ఐరోపా సమాజం 2014లో ఉమ్మడి ప్రమాణంగా స్వీకరించింది. మన దేశంలోని విద్యుత్ కార్లలోను ఈ రకం కనిపిస్తున్నది. అందులో రెండు చిన్న పిన్నులు సంకేతాలకే ప్రత్యేకం. వాహనమూ, సరఫరాపెట్టె ఒకదానినొకటి గుర్తించి సరేననుకొన్న తరువాతనే ప్రవాహం మొదలవుతుంది. వర్షంలో నిలబడి ప్లగ్గు చేతబట్టిన మనిషి పరధ్యానంలో ఉండవచ్చు. ప్లగ్గు మాత్రం పరధ్యానంలో ఉండదు.

విద్యార్థి మిత్రులారా! పై ఉదాహరణలలో మహాద్భుతమైన సూత్రమేదీ లేదు. ఏటవాలు చెక్కకు తగిలిన బంతి ప్రక్కకు పోతుందని పసిపిల్లవాడికి తెలుసు. పొడవైన పిన్ను ముందుగా తగులుతుందని చెప్పడానికి శాస్త్రజ్ఞుడు రానక్కరలేదు. అయినను వేలమంది చూచి ఊరుకొన్నదానిని ఒక్కడు చూచి ఊరుకోలేకపోయాడు. ఆ ఊరుకోలేకపోవడమే కల్పనాశక్తికి మూలమని నా అభిప్రాయం.

దీనికి ఒక ఆక్షేపణ ఉన్నది. కనిపెట్టడానికి ప్రయోగశాలలు, పెట్టుబడి, పేటెంటు న్యాయవాదులు కావాలి గాని, మనవంటి కళాశాలలో అది సాధ్యమా అని పెద్దలు అంటారు. తయారీకి పెట్టుబడి కావాలి, నిజమే. హబ్బెల్‌కు కర్మాగారం ఉన్నది గనుకనే ప్లగ్గు బజారుకు వచ్చింది. కాని గమనించడానికి పెట్టుబడి అక్కరలేదు. పైగా ఆ విషయంలో మన విద్యార్థులకు సంపన్న కళాశాలల వారికి లేని ఆస్తి ఒకటున్నది. మన పిల్లలలో అనేకుల తండ్రులు, అన్నలు మెకానిక్ షెడ్లలో, వెల్డింగు దుకాణాలలో, వైండింగు పనులలో ఉన్నారు. ఏ బోల్టు ఎక్కడ అరుగుతుందో, ఏ వైరు ఎందుకు కాలుతుందో వారి ఇండ్లలో భోజనాల దగ్గర ముచ్చటించుకొంటారు.

విచారకరమైన సంగతి ఏమంటే, ఆ ఆస్తిని మన విద్యార్థులు దాచిపెట్టుకొంటున్నారు. ప్రవేశపత్రంలో తండ్రి వృత్తి అన్నచోట 'బిజినెస్' అని వ్రాస్తారు. నేను ప్రస్తావించిన విద్యార్థి కూడ అట్లే వ్రాశాడు. షెడ్డులో 'ఉస్తాద్' అని గౌరవింపబడే మనిషి పేరు కళాశాల గుమ్మంలో చెప్పుకోవడానికి కొడుకు సిగ్గుపడితే, ఆ సిగ్గును నేర్పినది ఎవరు? పుస్తకంలో ఉన్నదే విద్య, చేతిలో ఉన్నది కాదు అని చెబుతూ వచ్చిన మావంటివారమే. ఎర్తు పిన్ను ఎందుకు పొడవుగా ఉంటుందో పరీక్షలో వ్రాసి మార్కులు పొందినవారే, ఆ సాయంత్రం సాకెట్టులో అగ్గిపుల్ల దూర్చారు. నేను ప్రక్కనే నిలబడి చూచాను, వద్దనలేదు. ఈ నేరంలో నాకూ భాగమున్నది.

కాబట్టి పాలకవర్గం వారికి సవినయంగా మూడు విన్నపాలు చేస్తున్నాను. ఒకటి: వచ్చే వార్షికోత్సవం లోపల వేదిక వద్దకు సరియైన పారిశ్రామిక సాకెట్టు, ఎర్తుతో కూడిన పొడవైన కేబులు, లీకేజీ కరెంటును పసిగట్టి సరఫరా ఆపే స్విచ్చి ఏర్పాటు చేయించాలి. రెండు: వాడకంలో లేని సైకిలు షెడ్డును పనిముట్ల గదిగా మార్చి, ఒక పట్టుడుగిర్ర, డ్రిల్లు, టంకం పెట్టే సామగ్రి సమకూర్చాలి. వారానికొకసారి విద్యార్థుల తండ్రులలో నిపుణులైన మిస్త్రీలను సగౌరవంగా పిలిపించి, వారికీ అతిథి ఉపన్యాసకుల వలెనే పారితోషికం ఇవ్వాలి. మూడు: ఈ సంచికలో, ఉర్దూ తెలుగు విభాగాలు రెండింటిలోను, ప్రతి సంవత్సరం రెండు పుటలు విద్యార్థులు స్వయంగా గమనించిన కష్టాలకు కేటాయించాలి. ఎవరు వంగి పనిచేస్తున్నారు, ఎవరి చేయి కాలుతున్నది, ఏ వస్తువు పొరపాటుకు వీలిస్తున్నది అన్నది వ్రాస్తే చాలు. పరిష్కారం వెంటనే తోచకపోయినా ఫరవాలేదు. ఒకరి ప్రశ్నకు మరొకరు జవాబు వెదకవచ్చు.

ఇందులో ఎవరినీ తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. తప్పు వస్తువుదని ఆ మిస్త్రీ అననే అన్నాడు. ఆయన ఆనాడు వెళ్ళిపోతూ, అడగకుండానే సంచిలోనుండి ఒక మూడుపిన్నుల ప్లగ్గు తీసి, మా మైకు వైరుకు బిగించి పోయాడు. ధర అడిగితే చెప్పలేదు. ఆ ప్లగ్గు మన కార్యాలయపు బీరువాలో ఉన్నది. దాని ఋణం ఇంకా తీర్చలేదు.