పార్కుకు దారులున్నాయి, మన ఇంటికి దారేది?



సెలవుల్లో పిల్లల్ని ఖోపోలీ దగ్గరి ఇమేజికా పార్కుకు తీసుకుపోవాలని మన సంఘం కుటుంబాలు కొన్ని అనుకున్నాయి. ఏ దారిన పోవాలన్నదాని మీద సంఘం గదిలో ఒక సాయంత్రమంతా చర్చ నడిచింది. బస్సు మాట్లాడుకుని ఎక్స్‌ప్రెస్‌వే మీద పోదామని కుర్రవాళ్లు. దాదర్‌లో లోకల్ ఎక్కి, కర్జత్ మీదుగా ఖోపోలీలో దిగి, అక్కణ్ణించి ఆటోలు కట్టించుకుంటే ఖర్చు తగ్గుతుందని ఆడవాళ్లు. పాతికేళ్లు సాంచెల మీద నిలబడిన పెద్దాయన ఒకరు మూలన కూర్చుని అంతా విని, చివరకు ఒక్క మాట అన్నారు: "బస్సుల పోతే కోన్ వస్తది. రైలుల పోతే వాంగణీ, శేలూ వస్తయి. ఏ తొవ్వల పోయినా మనోళ్లకు చూపెట్టిన ఇండ్లే గదరా ఎదురైతయి!"

అందరం నవ్వాం. ఆ తర్వాత ఎవరికీ మాట రాలేదు. ఆ మాటే ఈ నెల మేము రాయదలచుకున్న విషయం.

కొత్తగా సంఘంలోకి వచ్చిన పిల్లలకు తెలియదు కాబట్టి కొంచెం వెనక్కి పోవాలి. 1982 జనవరి 18న మొదలైన సమ్మెలో రెండున్నర లక్షల మందిమి మిల్లులు వదిలి బయటికొచ్చాం. తర్వాత తిరిగి లోపలికి పోయినవారు కొందరే. మిల్లుల స్థలం అమ్ముకోవాలంటే మూడు వాటాలు చేసి ఒకటి నగరానికి ఖాళీ స్థలంగా, ఒకటి సామాన్యుల ఇళ్లకు, ఒకటి యాజమాన్యానికి అని 1991లో నిబంధన పెట్టారు. 2001లో దాన్ని మార్చేశారు. కట్టడాలు ఉన్న స్థలం లెక్కలోకి రాదట, ఖాళీగా ఉన్నదాన్నే మూడు వాటాలు చేయాలట! మిల్లంటేనే కట్టడం. ఇక ఖాళీ జాగ ఎంత, అందులో మన వాటా ఎంత? 2006లో సుప్రీంకోర్టు కూడా ఆ మార్పునే ఖాయం చేసింది. షెడ్లు పోయి మాల్ వచ్చింది. ఫీనిక్స్ మిల్లు ఆవరణలో బౌలింగ్ ఆటస్థలం వెలిసింది. వినోదం కోసం ఖోపోలీ దాకా పోనక్కరలేదు, అది ముందుగా మన మిల్లులోకే వచ్చింది. అందులోంచి బయటికి పోయినవాళ్లం మనమే.

ఇళ్ల కోసం దరఖాస్తు పెట్టుకున్న కార్మికులు, వారసులు లక్షా డెబ్బై వేలకు పైగా ఉన్నారు. 2024 నాటికి లాటరీలో ఇల్లు తగిలినవారు అందులో దాదాపు పదోవంతు. వారిలో రెండు వేల నాలుగు వందల మందికి పైగా 2016 డిసెంబరు లాటరీలో దక్కింది పన్వేల్ అవతల కోన్ గ్రామంలో. ఆ తాళంచెవులు చేతికందడానికి ఏళ్లకేళ్లు పట్టింది. నడుమ కరోనా రోజుల్లో ఆ భవనాలనే క్వారంటైన్ కేంద్రంగా వాడుకున్నారు. మిగిలినవారికి చూపినవి కర్జత్ లైనులో వాంగణీ, శేలూ. అక్కడ 81 వేల ఇళ్లంటూ పథకం వేశారు. సీఎస్‌ఎంటీ నుంచి అవి ఎనభై కిలోమీటర్ల చుట్టుపక్కల ఉంటాయి. లోయర్ పరేల్‌లో మన చెమట మీద లేచిన టవర్లకు, మనకు నడుమ ఇప్పుడు అంత దూరం పెట్టారు.

ఇక రోడ్డు సంగతి. ముంబయి–పుణె ఎక్స్‌ప్రెస్‌వే 94.5 కిలోమీటర్లు. ఆరు వరుసల కాంక్రీటు రోడ్డు. 1998లో పని మొదలైంది. 2000లో కొంత తెరిచారు, 2002కల్లా పూర్తి చేశారు. ఘాట్‌లో కొండల్ని తొలిచి సొరంగాలు వేసి, నాలుగేళ్లలో ముగించారు. పార్కు 2013లో వచ్చింది. రోడ్డు పార్కు కోసం వేశారని మేము అనడం లేదు. కాని రోడ్డు ఎటు పోతే డబ్బు అటు పోతుంది. ఖాలాపూర్ టోల్ నాకా దాటి పాలీ రోడ్డు పట్టుకుంటే పార్కు వస్తుంది. ఆ చుట్టుపక్కల రిసార్టులు, ఫాంహౌసులు, ప్లాట్ల బోర్డులు చూసినవారికి చెప్పనక్కరలేదు.

ఆ రోడ్డు మీద ఆటో పోకూడదు, బైకు పోకూడదు, నడిచే మనిషి పోకూడదు. మన పిల్లల్లో చాలామంది నడిపేవి ఆటోలే. ప్రమాదాలు జరక్కుండా ఈ నిబంధన అంటారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. నూరు మైళ్ల వేగం మీద కన్నేసిన కార్ల నడుమ ఆటో పోతే మిగిలేది తుక్కే. అందుకని ఆ నిబంధన ఎత్తేయమని మేము అడగం. అడిగేది ఒక్కటే. కారున్నవాడి భద్రతకు ఇంత ఆలోచించినవారు, కారు లేనివాడి ప్రయాణానికి ఎంత ఆలోచించారు?

టోల్ లెక్క కూడా చూడండి. 2004లో పదిహేనేళ్ల వసూలు హక్కును రూ. 918 కోట్లకు ఒక ప్రైవేటు కంపెనీకి ఇచ్చారు. 2019లో గడువు తీరింది. రోడ్డు ఖర్చు రాలేదా, ఇంకెందుకు టోల్ అని జనం అడిగారు. జవాబుగా 2020లో మళ్లీ రూ. 8,262 కోట్లకు 2030 దాకా అప్పగించారు. 2023 ఏప్రిల్‌లో కారు టోల్ రూ. 270 నుంచి 320 అయింది, బస్సుకు 940. పదిహేనేళ్ల సొమ్ముకు, పదేళ్ల సొమ్ముకు తేడా చూసుకుంటే ఆ రోడ్డు ఎంత పాడి ఆవో తెలుస్తుంది. మన మిల్లులు మాత్రం నష్టాల్లో ఉన్నాయని మూశారు!

ఇదే పన్వేల్ నుంచి ఇంకొక రోడ్డు దక్షిణంగా కొంకణానికి పోతుంది. మన పక్క సాంచె మీద, మన పక్క ఖోలీలో బతికిన మరాఠీ సోదరుల్లో అత్యధికులది కొంకణమే. గణపతికి వారు ఊరు పోయేది ఆ గోవా రోడ్డు మీదే. పన్వేల్ నుంచి ఇందాపూర్ దాకా 84 కిలోమీటర్లు నాలుగు వరుసలు చేస్తామని 2011లో పని మొదలుపెట్టారు. పదేళ్లు దాటినా పూర్తికాలేదు. ప్రతి ఏడూ గణపతి ముందు మంత్రులు వచ్చి గుంతలు పూడ్చిస్తామంటారు, మళ్లీ ఏడు మళ్లీ అదే మాట. కొండను తొలిచి నాలుగేళ్లలో ఎక్స్‌ప్రెస్‌వే ముగించిన రాష్ట్రంలోనే, కార్మికుడు అమ్మానాన్నల్ని చూడబోయే రోడ్డుకు పుష్కరం చాలలేదు. చేతకాకనా? కాదు. ఎవరి కోసం ఎంత తొందర అన్నది ముందే తేలిపోయి ఉంటుంది.

ఇంతకంటే ఘోరమైన సంగతి ఒకటుంది. పార్కు ఉన్న ఖాలాపూర్ తాలూకాలోనే ఇర్షాల్‌గడ్ కొండ వాలులో ఇర్షాల్‌వాడి అని ఒక ఆదివాసీ పల్లె ఉండేది. ఠాకర్ ఆదివాసులు. 2023 జులై 19 రాత్రి, పల్లె నిద్రపోతున్న వేళ, కొండచరియ విరిగి ఇళ్ల మీద పడింది. కింద పాత పుణె రోడ్డు మీద చౌక్ గ్రామం దాకా అంబులెన్సులు, జేసీబీలు అన్నీ వచ్చాయి. అక్కడే ఆగిపోయాయి. పైకి రోడ్డు లేదు. వానలో, బురదలో, చీకట్లో సహాయక దళాలు కొండెక్కి నడవాలి. ఎక్కుతూనే అగ్నిమాపక ఉద్యోగి ఒకాయన గుండె ఆగి చనిపోయారు. యంత్రం ఒక్కటీ పైకి చేరలేదు. మట్టిని పారలతో, చేతులతో తవ్వారు. నాలుగు రోజుల తర్వాత, జులై 23న గాలింపు ఆపేశారు. దొరికిన శవాలు 27. దొరకనివారు 57 మంది. వారి ఊరే వారికి సమాధి అయింది.

ప్రమాదం పొంచి ఉన్న గ్రామాల జాబితాలో ఆ పల్లె పేరే లేదని ప్రభుత్వమే శాసనసభలో చెప్పింది. అంటే రోడ్డు మ్యాపులో లేదు, ప్రమాదం మ్యాపులోనూ లేదు. బతికినవారికి తర్వాత కింద ఇళ్లు కట్టించి ఇచ్చారు. మంచిదే. కాని ఆ ఇళ్లు కట్టిన చేతులు ఒక ఏడాది ముందు కదలకూడదా?

అడవి భూమి, నిటారు వాలు, రోడ్డు వేయడం కష్టం అన్నారు. సరే, కష్టమే. అదే తాలూకా పక్కన, అదే సహ్యాద్రి కొండల్లో, ఖోపోలీ నుంచి కుస్‌గావ్ దాకా ఎక్స్‌ప్రెస్‌వేకి కొత్త ముక్క ఒకటి 2019లో మొదలుపెట్టారు. పెద్ద సొరంగాలు, తీగల వంతెన. అంచనా ఆరున్నర వేల కోట్లకు పైగా. ఎందుకు? దూరం ఆరు కిలోమీటర్లు, ప్రయాణం అర్ధగంట లోపు తగ్గించడానికి. ఘాట్‌లో ప్రమాదాలు తగ్గుతాయంటున్నారు, తగ్గితే సంతోషమే. డ్రైవర్లూ మన సోదరులే. కాని కొండ కడుపులోంచి దారి తీయగలిగినవారికి కొండ మీదికి ఒక జీపు పోయే దారి వేయడం చేతకాలేదంటే ఎవరు నమ్ముతారు?

ఈ ఘాట్‌లో ఇది కొత్త కాదు. ఖోపోలీ దగ్గర పాత రోడ్డు మీద శింగ్రోబా గుడి ఉంది. ఘాట్ ఎక్కే దారి దొరక్క తెల్లదొరలు తిప్పలు పడుతుంటే ఆ గొర్రెల కాపరి దారి చూపాడట. ఏం కావాలో కోరుకోమంటే స్వరాజ్యం కావాలన్నాడట. కాల్చి చంపారట. కథే అనుకోండి. కాని పక్కనే ఉన్న రైలు ఘాట్ కథ కాదు. 1863లో పూర్తయిన ఆ పనిలో ఒక దశలో నలభై వేల మందికి పైగా కూలీలు ఉన్నారు. కలరా, జ్వరాలు, రాళ్ల పేలుళ్లు, వేల మంది పోయారు. ఒక్కరి పేరూ ఎక్కడా లేదు.

అందులో మనవాళ్లు ఎందరో చెప్పలేం గాని, రోడ్డు పని మన తెలుగువారికి పరాయిది కాదు. నిజాం సీమ నుంచి వచ్చి ఈ నగరం కట్టిన కామాఠీల పేరు మీదే కామాఠీపురా ఉంది. తట్ట, పార పట్టుకుని దేశమంతా డ్యాములు, కాలువలు, రోడ్లు తవ్విన పాలమూరు కూలీల్ని ఎరగని తెలుగువారు లేరు. మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి ఎక్కించిన లారీలో వచ్చి, గుడారాల్లో పిల్లల్ని కని, రోడ్డు పూర్తికాగానే ఆ రోడ్డు మీద నుంచే వెళ్లగొట్టబడ్డవారు. మనం మగ్గం మనుషులం, వారు పార మనుషులు. బట్ట నేసినవాడికి మిల్లు దక్కలేదు, రోడ్డు వేసినవాడికి రోడ్డు దక్కలేదు.

ఇదంతా చదివి, అయితే పిల్లల్ని పార్కుకు పోవద్దంటారా అని అడగకండి. మేము వినోదానికి శత్రువులం కాం. ఎనిమిది గంటల పని దినం కోసం చికాగోలో ప్రాణాలిచ్చినవారు మిగిలిన గంటలు మనిషిలా గడపాలనే కదా ఇచ్చింది. మన పిల్లలు నవ్వాలి, ఆ ఊయలలు ఎక్కి కేకలు పెట్టాలి. వారానికి ఒక్క సెలవు దొరికే తల్లి కూడా ఎక్కాలి. టోల్ కట్టగలవాడికే సెలవు ఉందన్న లెక్కను మాత్రం మేము ఒప్పుకోం.

మన సంఘం వైఖరి ఇదివరకే చెప్పాం, మళ్లీ చెబుతున్నాం. ఇల్లు ముంబయిలోనే కావాలి. మిల్లుల స్థలం మీద కావాలి. 2025 జులై 9న ఆజాద్ మైదానంలో వానలెక్క చేయక కూర్చున్న ముసలివారు అడిగిందీ ఇదే. కోన్‌లో ఇప్పటికే తాళంచెవులు అందుకున్న కుటుంబాల్ని మేము తప్పుపట్టడం లేదు. ఏళ్ల తరబడి ఎదురుచూసి అలసినవారు వారు. వారికి పన్వేల్ స్టేషనులో మొదటి లోకల్ అందేలా, చివరి లోకల్ దిగాక కూడా దొరికేలా బస్సు కావాలి, పాత రోడ్డు దాటడానికి ప్రాణభయం లేని దారి కావాలి. ఖాలాపూర్, కర్జత్ తాలూకాల్లో రోడ్డు లేని ఆదివాసీ వాడలకు, కొత్త సొరంగాల కంటే ముందు రోడ్డు కావాలి. ఆ ఆదివాసులు మన సంఘం సభ్యులు కారు కదా అని ఒక మిత్రుడు అన్నాడు. గిరణగాం కూడా ఒకప్పుడు ఎవరి జాబితాలోనూ లేకుండా పోయింది, మరిచిపోయావా తమ్ముడూ?

యాత్ర రద్దు కాలేదు. లోకల్లోనే పోతున్నాం, ఆడవాళ్ల మాటే నెగ్గింది. పేర్లు ఇచ్చేవారు వచ్చే ఆదివారంలోగా సంఘం గదిలో ఇవ్వాలి. పిల్లలకు తాగే నీళ్లు, గొడుగులు ఎవరివి వారే తెచ్చుకోవాలి. వాంగణీ, శేలూ ఇళ్లకు ఒప్పుకుంటున్నట్టు సంతకం పెట్టమని ఎవరైనా మీ ఖోలీకి వస్తే, ఆ కాగితం మీద వేలు కూడా పెట్టకుండా ముందు సంఘానికి తెచ్చి చూపించండి. మరాఠీ చదవడం రాని పెద్దలకు చదివి చెప్పడానికి సాయంత్రం ఆరు తర్వాత గదిలో ఎవరో ఒకరం ఉంటాం.