అజీర్తి మాటున

నడివయస్సు దాటిన రైతు మధ్యాహ్న భోజనమునకు కూర్చుండి, నాలుగు ముద్దలు తినగనే కడుపు నిండినదని కంచము ముందునుండి లేచిపోవుచున్నను, మన కోనసీమ యిండ్లలో అది యెవరికిని ఆందోళన కలిగింపదు. గ్యాసు పట్టినదందురు, మందుల దుకాణమునుండి బిళ్ళలు తెత్తురు, మంట చల్లారును, మరి రెండు మాసములు గడచిపోవును. జఠరమందలి క్యాన్సరు మనలను వంచించు త్రోవ యిదియే. ఆ బిళ్ళ ఆమ్లమును తగ్గించును గాని లోపలి కంతిని తగ్గింపదు. పైపెచ్చు దాని బాధను కొంతకాలము మరుగుపరచును.

ఈ వ్యాధికి కారము తినుటయే మూలమనుకొనుట సరికాదు. హెలికోబాక్టర్ పైలోరీ యను సూక్ష్మజీవి, తరచుగా బాల్యముననే కడుపున చేరి, ఏండ్ల తరబడి అచటి పొరను కృశింపజేయును. అది జఠరమును వాపునకు గురిచేయునని నిరూపింపగోరి, ఆస్ట్రేలియా వైద్యుడు బారీ మార్షల్ 1984లో ఆ జీవులు గల ద్రవమును తానే త్రాగెను. 1994లో అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ ఈ సూక్ష్మజీవిని క్యాన్సరు కారకముగా ప్రకటించినది. సుమారు రెండు వారములు మందులు వాడినచో అది చాలమందిలో నశించును. ఉప్పు మిక్కుటమైన ఎండుచేపయు, పొగాకును దీనికి తోడగుచున్నవి. లంక పొగాకు ఈ ప్రాంతమునకెంత సొమ్ము తెచ్చినను ఈ మాట చెప్పక తప్పదు.

ఈ వ్యాధిని తేల్చు పరీక్షయైన ఎండోస్కోపీ యనగనే జనులు జంకుచున్నారు. రాత్రినుండి ఏమియు తినక వెళ్ళినవారికి గొంతున తిమ్మిరి మందు చల్లి, ఎడమప్రక్కకు పరుండబెట్టి, చిటికెనవ్రేలంత గొట్టమును మ్రింగింతురు. దాని కొననున్న కెమెరాతో లోపలి పొరనంతయు చూచి, అనుమానము తోచిన చోట చిన్న తునకలు గిల్లి పరీక్షకు పంపుదురు. కొద్ది నిమిషముల పని. పైపొరను దాటని కంతిని కొన్నియెడల గొట్టము ద్వారానే తొలగింపవచ్చును. ముదిరినచో కీమోథెరపీయు, జఠరమును కొంతయో యావత్తో తీసివేయు శస్త్రచికిత్సయు కావలసివచ్చును. కాలేయమునకు ప్రాకిన పిమ్మట ఆయువును పొడిగించుటయే గాని మాన్పుట అరుదు.

క్యాన్సరు మందైన మెథోట్రెక్సేటు పుట్టుకకు తోడ్పడిన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో జన్మించినది మన భీమవరముననే. అట్టి గడ్డపై క్యాన్సరును విధివ్రాతగా తలచి చేతులు ముడుచుకొనుట తగదు. 2007లో ఆరోగ్యశ్రీ పేర మొదలైన ప్రభుత్వ పథకము, తేలిన రోగమునకు చికిత్స చేయించుట మెచ్చదగినదే. తేల్చుటయందే జాగు జరుగుచున్నప్పుడు చికిత్సకెంత ధనము వెచ్చించినను ఫలమెంత? అమలాపురము, నరసాపురము, తణుకు వంటి పట్టణముల ప్రభుత్వాసుపత్రులలో ఎండోస్కోపీ పరీక్ష ఉచితముగా, నిత్యము జరుగవలెను. బరువు తగ్గినదా, మలము నల్లగా వచ్చుచున్నదా, ముద్ద దిగుట కష్టమగుచున్నదా యని ఊరి ఆర్.ఎం.పి.యు, మందుల దుకాణదారుడును అడుగవలెను. ఒక్కదానికి అవునన్నను బిళ్ళతో సరిపెట్టక పరీక్షకు పంపవలెను. ఏబదియేండ్లు పైబడి క్రొత్తగా అజీర్తి మొదలైనవారిని ఆ ప్రశ్నలతో పనిలేకయే పంపవలెను.